బ్రేక్ ఆయిల్‌కు రెండు దసరాలు

మొన్న పటాన్‌చెరు మార్కెట్ వెనక సందులో గడ్డం గీయించుకుంటున్నాను. సబ్బు నురగ చెవులదాకా ఉంది. కత్తి సరిగ్గా గొంతు మీద ఉంది. పక్కనే ఉన్న మెకానిక్ షెడ్డులోంచి కేక వినిపించింది.

"కొట్టు... కొట్టు... కొట్టు... పట్టు!"

అంతే! నా కుడికాలు నన్నడగకుండానే లేచి, కుర్చీ ముందున్న కాలిపీటను ధడేల్మని తొక్కింది. నేను జానెడు ముందుకు జరిగాను. కత్తి మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఏందన్నా! సావాలనుంటే ఇంట్ల సావు, నా దుకాణం ఎందుకు ఖరాబు చేస్తవ్?" అన్నాడు మంగలి, కత్తి ఎత్తి పట్టుకుని.

కాలు అలాగే అదిమి పట్టాను. పక్క షెడ్డులోంచి "ఇడువు" అన్నాకే తీశాను. మంగలి నన్ను కింది నుంచి పైదాకా చూసి, పటిక రాయి గాటు మీద గట్టిగా రుద్దాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పటికకే అనుకున్నాడు పాపం.

ఆ గాటు పెట్టింది మంగలి కాదు, మా మేనమామ. పోయి రెండేళ్లు కూడా కాలేదు, అప్పుడే నా గొంతు మీదికి వచ్చాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. కారు బ్రేక్ ఆయిల్ మార్చడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకడు లోపల కూర్చుని పెడల్‌ను మూడుసార్లు కొట్టి, అదిమి పట్టాలి. రెండోవాడు చక్రం వెనక దూరి, అక్కడుండే చిన్న నట్టును కొంచెం తిప్పితే పాత ఆయిల్ గొట్టంలోంచి సీసాలోకి కారుతుంది. వాడు నట్టు మళ్లీ బిగించేదాకా పైవాడు కాలు తీయకూడదు. తీశాడా, గాలి లోపలికి దూరుతుంది, చేసిందంతా మళ్లీ మొదటికొస్తుంది. "బ్రేక్ ఆయిల్ మార్చాల్నంటే పానా కంటే ముందు మనిషి కావాలె" అనేవాడు మామ. ఆ మనిషి దొరక్కపోతే పట్టుకొచ్చేవాడు.

సంగారెడ్డి కోర్టు దగ్గర ట్యాక్సీ స్టాండులో మామ కారు నిలబడేది. ఆ స్టాండు చుట్టుపక్కల మామ కోసం పెడల్ తొక్కని మనిషి లేడు. గుడ్లు అమ్మే ఆయన తొక్కాడు. శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన చుట్టం తొక్కాడు. ఒకసారి నల్లకోటు వేసుకున్న వకీలు, "కేసు పిలుస్తరయ్యా, నన్ను ఇడిసిపెట్టు" అంటూనే నాలుగు చక్రాలకూ తొక్కాడు. "కేసు వాయిదా పడ్తది సార్, బ్రేక్ పడకపోతే మనం పడ్తం" అన్నాడు మామ బండి కింది నుంచి. వకీలు ఆ మాట నచ్చి చేతి పుస్తకంలో రాసుకున్నాడు.

మామకు మామూలు గొంతు లేదు. "చాయ్ తాగుదాం పా" అన్నా సరే, ఊళ్లోకి పులి వచ్చిందన్నట్టే ఉండేది. పొట్టి మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. మీసాలకు రంగు, చిటికెన వేలికి ఎర్రరాయి ఉంగరం. అంతకు ముందు చాలా ఏళ్లు ఒక ఫ్యాక్టరీ పెద్దసారుకు పాత బండి నడిపాడు. దాని స్టీరింగ్ తిప్పాలంటే బావిలోంచి బొక్కెన తోడినట్టే. భుజాలు అక్కడే పెరిగాయి. తర్వాత సొంతానికి పవర్ స్టీరింగ్ ఉన్న పాత కారు కొనుక్కున్నాడు. ఏ కంపెనీ కారో చెప్పను, చెబితే వాళ్లు నాకేం ఇస్తారు?

ఆ కారు వచ్చిన రోజు స్టాండంతా కూడింది. మామ ఉంగరం ఉన్న చిటికెన వేలొక్కటే స్టీరింగ్‌కు తగిలించి, కోర్టు ముందు గిర్రున తిప్పాడు. మళ్లీ తిప్పాడు. వెనక కూర్చున్న అత్త "కండ్లు తిరుగుతున్నయ్, ఆపయ్యా" అని మొత్తుకుంటున్నా వినకుండా ఇంకోసారి తిప్పాడు. "సూసిన్రా? వెన్నల వేలు పెట్టినట్టున్నది!" అన్నాడు దిగి. నేనప్పుడు పటాన్‌చెరు నుంచి కాజీపల్లికి ఆటోలో షిఫ్టు కార్మికులను తోలేవాణ్ని. "మామా, నా ఆటోకు పవర్ స్టీరింగ్ లేదు, పవర్ కూడా లేదు" అన్నాను. "నీకు నోరున్నది గదరా, దాంతోని నడుపు" అన్నాడు.

ఇంతా చేసి మామ గొప్పంతా నడపడంలో లేదు, నూనెల్లో ఉంది. కారు డాష్‌బోర్డు మీద అందరూ దేవుడి బొమ్మ పెట్టుకుంటారు. మామ దేవుడి బొమ్మకు అటొకటి ఇటొకటి రెండు చిన్న గాజు సీసాలు పెట్టాడు. ఒకదాంట్లో కొత్త బ్రేక్ ఆయిల్, లేత తేనెలా. ఇంకోదాంట్లో తీసేసిన పాతది, మరిగి మరిగి నల్లబడిన చాయ్‌లా. కారెక్కిన ప్రతివాడూ ఆ సీసాలేమిటని అడుగుతాడు. మామకు కావలసిందీ అదే.

"సార్, మీరు ఏ రంగు మీద పోదామనుకుంటున్నరు?" అని మొదలుపెట్టేవాడు. దిగేలోపల వదిలేవాడు కాదు.

ఒకరోజు కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో పనిచేసే కెమిస్టు ఒకాయన ఎక్కాడు. మామ సీసాల కథంతా విని ఆయన నవ్వి, "మా మాత్రల డబ్బాలో తేమ పీల్చే చిన్న పొట్లం వేస్తాం చూశారా? మీ బ్రేక్ ఆయిల్ది అదే బుద్ధి. మూత ఎంత బిగించినా గాలిలో ఉన్న నీటిని కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటుంది. నీళ్లు కలిసిన ఆయిల్ వేడికి తొందరగా మరుగుతుంది. ఆవిరి బుడగ వచ్చిందంటే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు" అని విడమరిచి చెప్పాడు. మామ బండి పక్కకు తీసి ఆపేశాడు. దిగి, అటు వెళ్లి డోరు తీసి, కెమిస్టును కౌగిలించుకున్నాడు. ఇన్నేళ్లూ రంగు చూసి మార్చాడు గానీ ఎందుకు మార్చాలో ఎవరూ ఇంత కమ్మగా చెప్పలేదట.

ఆ సాయంత్రం స్టాండులో ఒకటే హంగామా. "తాగుబోతు! బ్రేక్ ఆయిల్ నీళ్ల తాగుబోతు! గాలిలకెల్లి తాగుతది! మీ బండ్లల్ల తాగుబోతును పెట్టుకొని తిరుగుతున్నరు!" తాగి ఒక మూల పడుకున్న డ్రైవరొకాయన ఉలిక్కిపడి లేచి, "నేనేం జేసిన?" అన్నాడు.

అప్పటి నుంచి వాన పడుతుంటే మామ ఆయిల్ మూత ముట్టేవాడు కాదు. విప్పిన డబ్బాలో మిగిలిన ఆయిల్ దాచేవాడు కాదు. సీలు విప్పని డబ్బా ఒకటి మాత్రం డిక్కీలో ఎప్పుడూ ఉండేది. "ఇంట్ల ఉప్పు లేకున్నా మంచిదే, డిక్కీల డబ్బా ఉండాలె" అనేది అత్త, వెక్కిరింపుగా. మామ దాన్ని మెచ్చుకోలు అనుకునేవాడు.

స్టాండులో మిగతావాళ్ల లెక్క వేరు. "బ్రేక్ ఆయిల్ ఎందుకు మార్చాలె? కారు అమ్మినంక కొన్నోడు మార్చుకుంటడు" అనేవాళ్లు. మామ లెక్క దసరాల్లో ఉండేది. బ్రేక్ ఆయిల్‌కు రెండు దసరాలు. స్టీరింగ్ ఆయిల్‌కు మూడు, ఈలోపల నల్లబడ్డా, మాడు వాసన వచ్చినా అప్పటికప్పుడే.

"కిలోమీటర్లు చూసి మార్చరాదా?" అన్నాను ఒకసారి.

"కిలోమీటర్లు మీటరు సెప్తది. మీటరును ఎవడన్న ఎనకకు తిప్పుతడు. దసరాను తిప్పుమను సూద్దాం! ఇంకోటి, బండి ఇంటి ముందల ఊకెనే నిలవడ్డా తాగుబోతు తాగుడు బంద్ జేస్తదారా?"

స్టీరింగ్ ఆయిల్ కోసం బర్రెలకు సూదివేసే పెద్ద సిరంజి ఒకటి కొత్తది కొని పెట్టుకున్నాడు. దాంతో డబ్బాలోని పాత ఎర్ర ఆయిల్ పీల్చి పారేసి, కొత్తది పోసి, స్టీరింగ్‌ను ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పి, మళ్లీ పీల్చేవాడు. దానిమ్మ గింజ రంగు వచ్చేదాకా ఆపేవాడు కాదు. ఆ సిరంజి చూసి వీధిలో పిల్లలు పారిపోయేవాళ్లు. బర్రెలు కూడా.

ఒకసారి పటాన్‌చెరు మార్కెట్లో ఎవరిదో కారు మలుపు తిరుగుతూ "కుంయ్య్" అంది. చాయ్ తాగుతున్న మామ గ్లాసు నా చేతిలో పెట్టి పరుగు తీశాడు. కారు ముందు, మామ వెనక. కారులో ఉన్న పెద్దమనిషి అద్దంలో చూసి, ఎవడో కొట్టడానికి వస్తున్నాడనుకుని అద్దాలు ఎత్తించాడు. మామ కూరగాయల బండి చుట్టి అడ్డంపోయి బానెట్ మీద చెయ్యి వేశాడు.

"సార్! మీ బండి ఏడుస్తున్నది సార్!"

పెద్దమనిషి అద్దం వేలెడు దించి, "ఏం కావాలె నీకు?" అన్నాడు.

"నాకేం వద్దు. స్టీరింగ్‌కు ఆయిల్ కావాలె. గొంతెండి ఏడుస్తున్నది. ఇనవడ్తలేదా?"

మామ ఉంగరపు వేలితోనే బానెట్ తట్టి, తీయించి చూపిస్తే స్టీరింగ్ ఆయిల్ డబ్బా అడుగంటి ఉంది. ఆ పెద్దమనిషి దసరాకు దసరాకు కారు పంపేవాడు తర్వాత. మామ అసలు సంతోషం మాత్రం ఆ పరుగులోనే ఉంది. "లేగదూడ అరిస్తే ఆవు ఉరకదారా?" అన్నాడు తిరిగొచ్చి, చల్లారిన చాయ్ తాగుతూ.

ఇక మామ మొక్కు సంగతి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కారును ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవాని గుడికి తీసుకుపోయేవాడు. అందరూ కారుకు దండ వేస్తారు, బొట్టు పెడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. మామ ఇవన్నీ చేసి, బానెట్ ఎత్తి, రెండు ఆయిల్ డబ్బాల మూతలూ తీసేవాడు. హారతి ఒక్క చుట్టు తిరిగేంతసేపే.

"మూతలెందుకు తీస్తవ్ మామా?"

"దండలు బయటికి. లోపట ఏం పోసినమో అమ్మ సూడాలె గద!"

ఆ మొక్కే నా పెళ్లిని తినబోయింది.

నాకు సంబంధాలు కుదరడం కష్టంగా ఉండేది. బడి ఎనిమిదిలోనే నన్ను వదిలించుకుంది. సదాశివపేటలో పెళ్లిచూపులకు పోతే, పిల్ల తండ్రి "ఏం సదువుకున్నవ్?" అన్నాడు. "బడి ముందలికెల్లే ఆటో నడుపుత" అన్నాను. ఆయన నవ్వలేదు. తలుపు వెనక మాత్రం ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు విన్నాక నాకు ఇంకో పిల్లను చూడాలనిపించలేదు. ఎలాగో కుదిరింది. ముహూర్తం ఎండాకాలంలో, మధ్యాహ్నం లోపల. అది దాటితే మూఢం, నెలల తరబడి ముహూర్తాలు లేవు. పిల్ల తండ్రి గవర్నమెంటు నౌకరీ ఉన్న ఇంకో పిల్లవాడి మీద ఒక కన్ను వేసే ఉంచాడని మా అక్క నా చెవిలో వేసింది. అంటే ఆ పొద్దు దాటితే ఆ నవ్వు నాకు దక్కదు.

పెళ్లికారు మామదే. దసరాదాకా ఆగకుండా పెళ్లికోసమని ముందుగానే ఆయిళ్లు మార్చాడు. "పెండ్లికొడుకు కొత్త బట్టలేసుకుంటే బండి పాత నూనెతోని వస్తదా?" అన్నాడు. మార్చాడు కాబట్టి గుడికి పోవాలి. చుట్టాలూ బ్యాండువాళ్లూ వ్యానులో నేరుగా సదాశివపేట పోయారు. కారులో నేను, మా అమ్మ, అత్త, మా అక్క మొగుడు, మామ. గుడి దగ్గర బానెట్ లేచింది, మూతలు తెరుచుకున్నాయి, హారతి తిరుగుతోంది. కొబ్బరికాయ మా బావ చేతిలో ఉంది. దూరంగా రాయి మీద కొట్టాల్సినవాడు, హుషారెక్కి, "జై భవానీ!" అని కారు ముందున్న గార్డు కమ్మీకే కొట్టాడు.

కాయ పగిలింది. నీళ్లు లేచాయి. ఎటు పడ్డాయో ఎవరూ చూడలేదు. "జల్దీ, జల్దీ" అని అమ్మ తొందర పెడుతోంది. మామ వెనక్కి తిరిగి చూడకుండానే మూతలు బిగించి, బానెట్ వేసి, నిమ్మకాయల మీదుగా కారు తీసి, బ్రేక్ తొక్కుతూ తొక్కుతూ గుడి ముందు గుంతలు దాటించాడు. రోడ్డెక్కబోతూ అలవాటుగా మీసం దువ్వాడు.

చెయ్యి ముక్కు దగ్గరే ఆగిపోయింది. వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"కొబ్బరి!" అని అరిచి కారు ఆపాడు.

దిగి బ్రేక్ ఆయిల్ మూత తీశాడు. లేత తేనె రంగు ఆయిల్ మీద గోరంత తెల్ల కొబ్బరి పలుకు తేలుతోంది, ఏమీ ఎరగనట్టు.

మామ అమ్మవారి వైపు తిరిగి చెంపలు వేసుకున్నాడు. చొక్కా విప్పి అత్తకు ఇచ్చాడు. అత్త చొక్కా మడతపెడుతూ, "అయిపాయె" అంది.

"ఏందిరా తమ్ముడా, ఏం జేస్తున్నవ్?" అంది అమ్మ.

"మార్చాలె అక్కా. మొత్తం. నాలుగు చక్రాలు."

"చెంచెడు నీళ్లకా! అమ్మవారి కొబ్బరి నీళ్లురా, తీర్థం!"

"తీర్థం మనం తాగాలె అక్కా. బ్రేక్ తాగొద్దు."

"పైకెల్లి పీల్చి పారెయ్యి, పోదాం!"

"తొక్కిన గదనే! గుంతలల్ల ఎన్నిసార్లు తొక్కిన్నో! లోపటికి పోయిందో లేదో ఎట్ల తెలుస్తది?"

మా బావ ముఖం కొబ్బరి చిప్పలా తెల్లబడింది. మామ వాడి భుజం తట్టి, "మూత తీసినోణ్ని నేను పెద్దల్లుడా, నువ్వెందుకు ఏడుస్తవ్? సీసా పట్టు" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నా నుదుటికి బాసికం, ఒంటి మీద పట్టుబట్టలు, మెళ్లో దండ.

"మామా, ముహూర్తం..." అన్నాను.

"ఎరుకరా అల్లుడా."

"ఆ పిల్ల మళ్ల దొరకది మామా."

"అందుకే. ఆ పిల్ల కాడికి నిన్ను దించాలె గద! ఎక్కు. నీ కాలు నాకు అలవాటు."

ఎక్కాను. దండ స్టీరింగ్‌కు తట్టుకుంటోంది. మామ బనీను మీదే వెనక ఎడమ చక్రం కింద దూరాడు. పైన డబ్బాలో ఉన్నదంతా ముందే బర్రె సిరంజితో పీల్చేసి, డిక్కీలోని సీలు డబ్బా విప్పి కొత్తది పోశాడు.

"కొట్టు... కొట్టు... కొట్టు... పట్టు!"

బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు రోడ్డు పక్కన బ్రేక్ తొక్కుతుంటే జనం ఊరుకుంటారా? గుడికి వచ్చినవాళ్లంతా చుట్టూ చేరారు. "ఏం మొక్కమ్మా ఇది?" అని ఒక ముసలమ్మ మా అమ్మను అడిగింది. అమ్మ కోపంతో పలకలేదు. ముసలమ్మ అది పెద్ద మొక్కే అనుకుని, కొంగులోంచి పసుపు అక్షింతలు తీసి నా మీద చల్లింది. గాజులమ్మే ఆమె కూడా చల్లింది. రెండో చక్రానికి వచ్చేసరికి జనమే అందుకున్నారు. మామ "కొట్టు" అంటే అందరూ "కొట్టు!" మామ "పట్టు" అంటే అందరూ "పట్టూ!" జాతర! కాలు పీకుతోందని మరిచిపోయాను. ముహూర్తం కూడా మరిచిపోయానేమో అనుమానం. ఒక్కో చక్రం అయ్యాక దిగి పైన డబ్బాలో కొత్త ఆయిల్ నింపేదీ నేనే, మామ మా బావను మూత దరిదాపులకు రానివ్వలేదు. నాలుగో నట్టు బిగియగానే జనం చప్పట్లు కొట్టారు. మామ కారు కింది నుంచి లేచి, మట్టి బనీనుతో అందరికీ దండం పెట్టాడు. ఎన్నికల్లో గెలిచినవాడు కూడా అంత బాగా పెట్టడు.

చేతులు సబ్బుతో కడిగి, కారు ఎక్కాం. ఇక ఎగరేస్తాడనుకున్నాను. ఎప్పటిలాగే పోతున్నాడు.

"జెర తొక్కు మామా! బ్రేక్ కొత్తదాయె!"

"బ్రేక్ కొత్తదేరా. రోడ్డు పాతది."

సదాశివపేటలో పందిరి ముందు పిల్ల తండ్రి నిలబడి ఉన్నాడు. బ్యాండువాళ్లు వచ్చిన పాటలన్నీ అయిపోయి మొదటి పాటకు వచ్చినట్టున్నారు. ఆయన బనీను మీదున్న మామను చూశాడు. నా పట్టుపంచె మీద మట్టి చూశాడు. "ఏంది ఇది?" అన్నాడు, పళ్లు బిగబట్టి.

తల వంచుకుంటాడనుకున్నాను. మామ సీసా ఎత్తి ఎండకు పట్టాడు. "సూడన్నా, ఇంత తీసినం! నీ అల్లుడే తొక్కిండు, నాలుగు చక్రాలకు! గిసొంటి కాలు జిల్లాల లేదు!"

"ముహూర్తం పోతున్నదయ్యా!"

"పోలే. పంతులును అడుగు. పోయి ఉంటే నన్ను తిట్టు, నిలవడి తింట. అల్లుని మాత్రం ఏమనకు. వాడు తొక్కనంటే బండి కదలకపోవు, అయినా వాడు ఆలస్యమైతదని ఏడ్వలే, పిల్ల దొరకదని ఏడ్సిండు."

పిల్ల తండ్రి నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. లోపలి నుంచి పంతులు కేక వేశాడు: "ఇంకా ఉంది, ఇంకా ఉంది! మాట్లాడేది తరువాత, ముందు కూర్చోబెట్టండి!"

తెర పట్టారు. తెరకు అటు ఆమె, ఇటు నేను. జీలకర్ర బెల్లం ముద్ద ఆమె తల మీద పెట్టి చెయ్యి అదిమాను. బ్యాండు దద్దరిల్లుతోంది. తెర కింది నుంచి చిన్న గొంతు వచ్చింది.

"ఏం వాసన?"

ఎంత కడిగినా పోలేదన్నమాట. "బ్రేక్ ఆయిల్" అన్నాను.

నా చేతి కింద ఆమె తల కొంచెం కదిలింది.

"కొత్తదా, పాతదా?"

నేను పకపకా నవ్వాను. తెర అవతల అదే కిసుక్కుమనే నవ్వు. పంతులు మంత్రం తప్పి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

భోజనాల దగ్గర మా బావకు ధైర్యం వచ్చింది. "ఇంత చేస్తివి గద మామా, తొవ్వల ఏమన్న అయిందా? బర్రె అడ్డమొచ్చిందా? లారీ మీదికొచ్చిందా?"

"ఏం కాలే" అన్నాడు మామ, బగారన్నం కలుపుతూ.

"మరి గింత లొల్లెందుకు?"

"గదే గద పని. ఏం కాకపోవుడే!" అన్నాడు. వరసలో కూర్చున్నవాళ్లంతా తలలు ఎత్తి చూశారు. అంత గట్టిగా అన్నాడు. ఆ తర్వాత ఇంకో రెండు ముక్కలు వేయమన్నాడు.

పెళ్లయ్యాక నా ఉద్యోగం ఊడింది. ఆటో ఉద్యోగం కాదు, పెడల్ ఉద్యోగం. "నీకన్నా నా బిడ్డ కాలు నయం, సెప్పిందాంక తీయదు" అని మా ఆవిడను పిలవడం మొదలుపెట్టాడు. తర్వాత తర్వాత పానా కూడా నేర్పాడు. ఆమె చక్రం కింద, మామ పెడల్ మీద, నేను చాయ్ తెచ్చేవాణ్ని.

రెండేళ్ల కిందటి దసరాకు మామ రెండు ఆయిళ్లూ మార్చాడు. ఆ చలికాలమే, స్టాండులో కారుకు ఆనుకుని ఎవరికో సీసాలు చూపిస్తూ చూపిస్తూ కూర్చుండిపోయాడు. గుండె. సీసా మాత్రం పగల్లేదు. అత్త కారు తాళం నా చేతిలో పెట్టింది.

మంగలి దుకాణం నుంచి గొంతు మీద గాటుతో ఇంటికి వెళ్లాను. మా ఆవిడకు జరిగింది చెప్పాను. నవ్వింది. తర్వాత గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది.

"వచ్చే వారం దసరా" అంది.

"ఎరుకే."

"బ్రేక్‌కు రెండో దసరా."

"అది కూడా ఎరుకే."

ఎరుకే కాబట్టే ఎన్నాళ్లుగానో బానెట్ ఎత్తడం లేదు నేను. ఆ బ్రేకుల్లో ఉన్నది మామ తన చేత్తో పోసిన ఆయిల్. అది కారిపోతే ఇంకేం మిగులుతుంది? "రంగు బాగనే ఉంటది. ఇంకో ఏడాది ఆగితే ఏమైతది?" అన్నాను.

"ఏమైతదో మీ మామనడుగు" అంది. పానా తెచ్చింది. నేను కదల్లేదు. నా ముఖం చూసి కొంచెం మెత్తబడి అంది: "స్టీరింగ్‌కు మూడు గద. అండ్ల ఇంకో ఏడాది ఉంటడు, తియ్."

ఆ మాటకు లేచాను. ఆమె చక్రం వెనక దూరింది. నేను పెడల్ మీద. "కొట్టు... కొట్టు... కొట్టు... పట్టు!" అచ్చం మామే. ఆయిల్ చాయ్ రంగులో దిగింది. మామ పోసినా సరే, తాగుబోతు తాగుబోతే. డాష్‌బోర్డు మీది పాత ఆయిల్ సీసా కడిగి, మామ పోసిన ఆ ఆయిల్‌ను అందులో నింపింది మా ఆవిడ. మిగిలింది పారబోశాం.

దసరా రోజు ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్లాం. బానెట్ ఎత్తాం గానీ మూతలు తీయలేదు. అమ్మవారికి సీసా చూపించాం, ఆమెకు అర్థమయ్యే ఉంటుంది. మా బావ కొబ్బరికాయ పట్టుకుంటే, రోడ్డు అవతలికి పంపి అక్కడ కొట్టించాం.

తిరిగి వస్తుంటే కంది ఊరు దాటాక మా ఆవిడ అడిగింది, "తొవ్వల ఏమన్న అయిందా?"

"ఏం కాలే!" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో మరి, ముందు సైకిల్ మీద పోతున్న ఆయన ఉలిక్కిపడి రోడ్డు దిగిపోయాడు.